ఊరే కోతుల పార్కు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరి గ్రామసభ అయినా పింఛన్లు, రోడ్లు అయ్యాక కోతుల దగ్గరికి రాక తప్పదు. మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకే తీర్మానం దగ్గర ఆగుతుంది: కోతులన్నిటినీ పట్టించి, అడవి అంచున వందో రెండొందలో ఎకరాలకు కంచె వేసి, పండ్లచెట్లు పెట్టి, నీటితొట్లు కట్టి, అందులో వదిలేయాలి. జూ లాంటిదే, కాకపోతే ఇంకాస్త పెద్దది, బోన్లు లేనిది. దానికి మంకీ పార్కు అని ఒకరు, పునరావాస కేంద్రం అని ఒకరు పేరు పెడతారు. సర్పంచి అభ్యర్థుల నుంచి పెద్ద నాయకుల దాకా ఇదే హామీ. వినడానికి ఇంత న్యాయమైన మాట మరొకటి ఉండదు. రైతుకు చేను దక్కుతుంది, కోతికి ప్రాణం దక్కుతుంది, హనుమంతుడికి అపచారం జరగదు, ప్రారంభించిన నాయకుడికి శిలాఫలకం దక్కుతుంది. నలుగురికీ నచ్చింది కాబట్టే దాన్ని ఎవరూ లెక్క అడగలేదు. అడిగితే తేలేది ఇది: కోతుల పార్కు కోతులను తగ్గించదు, పెంచుతుంది. పైగా అలాంటి పార్కును మనం ఇప్పటికే కట్టుకుని అందులోనే కాపురం ఉంటున్నాం.

బెడద లేదనో, రైతు గోరంతను కొండంత చేస్తున్నాడనో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పల్లి, మక్క, కంది, పెసర, పెరట్లో బీరపాదు ఒక్కొక్కటే ఈ ప్రాంతంలో తప్పుకుంటూ వచ్చాయి. కోతి పెద్దగా ముట్టని పత్తి, మిర్చి చేలను ఆక్రమించాయి. మక్కచేనులో కోతి తినేదానికన్నా తెంపి పారేసేది ఎక్కువ. కంకి విరిచి, పైపొర చీల్చి, నాలుగు పాలగింజలు దవడ సంచిలో కుక్కుకుని, మిగతాది కింద పడేసి పక్క కంకి అందుకుంటుంది. ఆ దవడ సంచులు దానికి పుట్టుకతో వచ్చిన జోలె. మనిషి కర్ర పట్టుకుని వచ్చేలోపు నింపుకుని, చెట్టెక్కి తీరిగ్గా నములుకుంటుంది. గూనపెంకులు ఎత్తిపోసే కోతిని అదిలించబోయి కరిపించుకున్న ముసలివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఈ కోపం ఎందాకా పోగలదో 2020 నవంబరులో మహబూబాబాద్ జిల్లా శనిగపురం దగ్గరి గుట్ట చూపించింది. గోనెసంచుల్లో కుక్కి పారేసిన దాదాపు 40 కోతుల కళేబరాలు అక్కడ బయటపడ్డాయి. విషం పెట్టి చంపి ఉంటారని అనుమానించారు. అంత కసి ఊరికే పుట్టదు. బాధ నిజమే గానీ అడుగుతున్న మందు తప్పు.

కంచె, చెట్టు, తొట్టి ఉంటే కోతికి ఇల్లు కుదిరినట్టేనన్న నమ్మకం కొత్తదేమీ కాదు. జూలు కూడా ఒకప్పుడు అలాగే నమ్మి దెబ్బతిన్నాయి. 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతు వ్యాపారి ఊచల బోన్లు తీసేసి, కందకాల అవతల కృత్రిమ గుట్టల మీద జంతువులను ఆరుబయట వదిలి చూపించాడు. ఆ పద్ధతి లోకమంతా పాకింది. 1925లో లండన్ జూ దాదాపు వంద అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పున ‘మంకీ హిల్’ అనే రాతిగుట్ట కట్టి, హమాద్రియాస్ బబూన్లనే పెద్ద జాతి కోతులను ఒక వంద దాకా తెచ్చి వదిలింది. దాదాపు అన్నీ మగవే. ఉన్న కొద్దిపాటి ఆడవాటి కోసం కొట్లాటలు మొదలయ్యాయి. 1927లో మరో 30 ఆడకోతులను తెచ్చి వదిలితే గొడవ సద్దుమణగకపోగా ముదిరింది. మగవాటి లాగులాటలో ఆ ఆడవాటిలో చాలా మటుకు చచ్చిపోయాయి. గుట్టకు వంక పెట్టడానికి లేదు. ఎండ తగులుతుంది, రాయి ఉంది, నీళ్లున్నాయి, మేత వేళకు పడుతుంది. లేనిదల్లా ఒకదానికొకటి తెలిసిన గుంపు. అడవిలో ఏ కోతి ఎవరి బిడ్డ, ఎవరు ఎవరికి తలవంచాలి అన్నది తరాలుగా తేలి ఉంటుంది. తలా ఒక చోటి నుంచి పట్టుకొచ్చిన వందింటిని ఒక గుట్ట మీద పోస్తే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి తేలాలి, అదీ పళ్లతో, గోళ్లతో. అప్పటి నుంచి జూ నిర్మాణ శాస్త్రం నేర్చుకున్న మొదటి పాఠం, కోతికి ఆవాసమంటే ముందు కోతులు, ఆ తర్వాతే స్థలం.

మన ఊళ్ల మీద పడే కోతులకు ఈ పాఠం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఎర్రటి పిరుదులు, పొట్టి తోక ఉండే ఉత్తరాది ఎర్ర కోతి సమాజం తల్లుల వరుస మీద నడుస్తుంది. ఆడపిల్ల పుట్టిన గుంపులోనే చచ్చేదాకా ఉంటుంది, తల్లి హోదా దానికి సంక్రమిస్తుంది. ఈడొచ్చిన మగది గుంపు విడిచి వేరే గుంపు వెతుక్కుంటుంది. ఇప్పుడు కోతులు పట్టే తీరు చూడండి. పంచాయతీ ఒక్కో కోతికి ఇంతని బేరం మాట్లాడుతుంది. బోనులో అరటిపండ్లు, పల్లీలు పెడతారు. ఆకలి, తెగువ ఉన్నది ముందు పడుతుంది, జాగ్రత్త గల ముసలి తల్లికోతి చెట్టు మీదే ఉండిపోతుంది. అలా నాలుగు ఊళ్లలో నాలుగు గుంపుల నుంచి చీల్చిన కోతులను ఒకే వ్యానులో ఎక్కించి ఒకే కంచెలో దింపడమంటే వందేళ్ల కిందటి లండన్ గుట్టను తిరిగి కట్టడమే. కోతులను తరలించి గెలిచిన కథ లేకపోలేదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లోని బృందావనం నుంచి దాదాపు 600 కోతులను ఎనిమిది చోట్లకు తరలిస్తే అవి అక్కడ కుదురుకున్నాయి. అయితే అక్కడ గుంపులను చెదరగొట్టకుండా, ఏ గుంపుకు ఆ గుంపుగా పట్టి, చోటు ముందే చూసి పెట్టుకుని వదిలారు. తలకు ఇంతని లెక్కగట్టే కాంట్రాక్టులో ఆ ఓపికకు చోటు లేదు.

ఈ కోతులనే ఆరుబయట పెంచితే ఏమవుతుందన్న ప్రశ్నకు అందరికన్నా పాత జవాబు ప్యూర్టోరికో పక్కన కాయో శాంటియాగో అనే 38 ఎకరాల చిన్న దీవిలో ఉంది. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే శాస్త్రవేత్త పరిశోధన కోసం మన దేశం నుంచే 409 కోతులను ఓడలో తీసుకెళ్లి అక్కడ వదిలాడు. మొదట్లో కొట్లాడుకుని కొన్ని, తర్వాత మేత సరిగా అందక కొన్ని పోయి, 1950ల నడుమకు నూటయాభై చిల్లరకు దిగాయి. అప్పటి నుంచి రోజూ క్రమంగా మేత వేయడం మొదలైంది. ఆ కొద్దిపాటి కోతులే పెరిగి పెరిగి వేయి దాటాయి. సంఖ్య అదుపులో ఉంచడానికి ఎప్పటికప్పుడు కొన్నిటిని దీవి నుంచి తీసేయాల్సి వచ్చింది. దీనిలో వింతేమీ లేదు. ఆడకోతి మూడు నాలుగేళ్లకు ఈడుకొస్తుంది, అయిదున్నర నెలలు మోస్తుంది, కడుపునిండా తిండి దొరికితే దాదాపు ఏటా ఒక పిల్లను కంటుంది. మంద ఏటా నూటికి పది పెరిగినా ఏడెనిమిదేళ్లలో రెట్టింపు. మేత పెట్టే కంచెలో మందను తగ్గించే చిరుతపులి ఉండదు, కరువు ఉండదు. అంటే ఇవాళ అయిదు వందల కోతుల కోసం కట్టిన పార్కులో ఈ సర్పంచి రెండోసారి గెలిచి దిగిపోయేసరికి వేయి ఉంటాయి.

పంటను కాపాడటానికే కోతుల పార్కు పెట్టిన చోటు ఏదైనా ఉందా అంటే, ఉంది. జపాన్‌లోని ఓయిత నగరం పక్కన తకసాకి అనే కొండ. అక్కడి కోతులు రైతుల చేల మీద పడుతుంటే, 1952లో నగర మేయరు ఒక ఉపాయం ఆలోచించాడు. కొండ కింద గుడి దగ్గర రోజూ శంఖం ఊదించి చిలగడదుంపలు పెట్టించాడు. కోతులు చేలు మాని అక్కడికి రావడం మరిగాయి. మరుసటి ఏడాది అది మంకీ పార్కు అయింది, జనం టికెట్టు కొని చూశారు. మన గ్రామసభ కోరుకునేది అక్షరాలా ఇదే. అప్పుడు ఆ కొండ మీద ఉన్న కోతులు రెండు వందల చిల్లర. కొన్ని దశాబ్దాల్లో అవి రెండు వేలు దాటాయి. అన్ని కోతులు కలిసి కొండ మీది చెట్లను బోడి చేయసాగాయి, చుట్టుపక్కల చేలకు మళ్లీ తిప్పలు వచ్చాయి. నిర్వాహకులు మేత తగ్గించుకుంటూ రావాల్సి వచ్చింది. ఉపాయం మొదటి అయిదేళ్లూ అద్భుతంగా పనిచేసింది. ఆ అయిదేళ్లే అసలు ఉచ్చు. మన రాష్ట్రంలో పల్లెల్లో నాటించిన ‘మంకీ ఫుడ్ కోర్టు’లకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఊరి పక్కనే జామ, నేరేడు గుంపుగా పెడితే అవి కాసే రెండు మూడు నెలలు కోతి అక్కడ తింటుంది, పిల్లను కంటుంది. మిగిలిన తొమ్మిది నెలలు ఆ పెరిగిన సంసారానికి మక్కచేనే దిక్కు.

కంచె గురించి కూడా చెప్పుకోవాలి. ఢిల్లీ హైకోర్టు 2007లో నగరంలోని కోతులను అసోలా భట్టీ అభయారణ్యానికి తరలించమంది. అది ముప్పై రెండు చదరపు కిలోమీటర్లకు పైన, అంటే ఎనిమిది వేల ఎకరాలు. కోతి పట్టు చిక్కకుండా నున్నటి ఫైబర్ రేకులతో ఎత్తయిన గోడ కట్టారు. ఏళ్ల తరబడి పండ్లు, కూరగాయలు సర్కారు ఖర్చుతో పంపారు. ఇరవై వేలకు పైగా కోతులను తెచ్చి వదిలారు. ఫలితం: కోతులు గోడ దాటి పక్క కాలనీల మీద పడ్డాయి, నగరంలో ఖాళీ అయిన చోట్లలోకి వేరే కోతులు వచ్చి చేరాయి. జూలు కోతిని కందకంతో ఆపుతాయి కదా అంటారేమో. ఎర్ర కోతి చక్కగా ఈదుతుంది, నీటి కందకం దానికి వేసవి స్నానఘట్టం. ఇప్పుడు మన లెక్క. మూడు జిల్లాల్లో కలిపి గ్రామపంచాయతీలు వెయ్యికి కాస్త అటూ ఇటూ. వాటిలో సగం ఊళ్లకు ఊరికో యాభై కోతుల గుంపు ఉందనుకున్నా పాతిక వేలు. హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూ మొత్తం యాభై ఎకరాల లోపు, హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలు. పాతిక వేల కోతులకు కంచె వేస్తామనేవాళ్లు ఆ కంచె ఎన్ని వేల ఎకరాల చుట్టూ తిరుగుతుందో, అందులో రోజూ ఎన్ని లారీల మేత దిగాలో, ఒక క్షయ కేసు లోపలికి వస్తే అది ఎన్నింటికి అంటుతుందో ఒక కాగితం మీద వేసి చూపిస్తే బాగుండేది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. అడవులు కొట్టేశాం కాబట్టే కోతులు ఊళ్లోకి వచ్చాయి, పార్కు అంటే వాటి అడవిని వాటికి తిరిగి ఇవ్వడమే, ఇందులో తప్పేముంది? 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి పోవాలి అన్న నినాదం వెనక ఉన్నదీ ఈ నమ్మకమే. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి మన మూడు జిల్లాలే చాలు. జనగామ రాష్ట్రంలో అడవి అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటి. మహబూబాబాద్‌కు గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు అడవి ఉంది. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్, పలిమెల, మహాముత్తారం మండలాలు గోదావరి దాకా అడవే. కోతి అడవి లేకనే ఊరికి వస్తే జనగామలో నిండుగా, భూపాలపల్లిలో ఖాళీగా ఉండాలి. అలా లేదు. అడవిని ఆనుకున్న ఊళ్లోనూ కోతి అడవికి వీపు తిప్పి ఊరికే ముఖం పెట్టి కూర్చుంటుంది. ఎందుకంటే ఎర్ర కోతి స్వభావమే మనిషి నీడన బతకడం. 1959-60లో చార్లెస్ సౌత్‌విక్ బృందం ఉత్తరప్రదేశ్ అంతా తిరిగి లెక్కిస్తే, అప్పటికే ఎక్కువ భాగం కోతులు ఊళ్లలో, పట్టణాల్లో, గుళ్ల దగ్గర, రోడ్ల పక్కన ఉన్నాయి. అడవిలో ఉన్నవి కొద్ది వాటా. అడవి నశించడం ఘోరమే, దాన్ని పెంచాలి. కానీ దాన్ని కోతుల కోసమని చెబితే, చెట్లు పెరిగాక కూడా కోతి కదలనప్పుడు జనం చెట్లనే తిడతారు. మన అడవిలో టేకు పాలు ఎక్కువ, ఎండాకాలం ఆకు రాల్చి నిలబడే ఆ చెట్లలో కోతికి తినడానికి దొరికేది తక్కువ. ఊళ్లో దొరికేదానితో తునికి, మొర్రి, ఇప్ప ఎన్నటికీ పోటీ పడలేవు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. మంచి జూ నిర్మాత కోతుల ఆరుబయలు గీసేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు. పడుకోవడానికి ఎత్తయిన, చుట్టూ కనిపించే చోటు ఉందా? నేల తాకకుండా ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయే దారులున్నాయా? బలహీనమైనది మూలకు చిక్కకుండా తప్పుకోవడానికి ప్రతి గూటికీ రెండు వాకిళ్లు ఉన్నాయా? మేత ఒకే చోట కుప్ప పోయకుండా పలుచోట్ల చల్లారా? నీళ్లు ఏడాది పొడవునా అందుతాయా? మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది? నీడ ఎంత పెద్ద విషయమో కాయో శాంటియాగోలో 2017 సెప్టెంబరు తుపాను నేర్పింది. మరియా తుపానుకు దీవి మీది పచ్చదనం సగానికి పైగా పోయాక, మిగిలిన కాస్త నీడలో పాత పగలు మరిచి కోతులు ఒకదానినొకటి ఒరుసుకుని కూర్చోవడం పరిశోధకులు రాసిపెట్టారు. ఈ ప్రశ్నల పట్టిక పట్టుకుని మన ఊరు తిరిగి చూడండి. పడుకోవడానికి నీళ్ల ట్యాంకు, బడి డాబా, సెల్ టవరు. తిరగడానికి కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఒకదానికొకటి ఆనుకున్న పిట్టగోడలు. తప్పుకోవడానికి రెండు వాకిళ్ల పాడుబడ్డ గూనపెంకుల ఇళ్లు, వలస పోయిన వాళ్ల తాళం ఇళ్లు. తాగడానికి మూత పగిలిన సింటెక్సు. మేతకు తెరిచిన డంపింగ్ యార్డు, బడి వెనక పారబోసిన మధ్యాహ్న భోజనం మిగులు, గుడి మెట్ల మీద కొబ్బరిచిప్పలు, రోడ్డు పక్క కారు ఆపి విసిరే అరటి గెల, కల్లాల్లో ఆరబోసిన మక్కలు. ఇన్ని ఏర్పాట్లు చేసిన జూ దేశంలో మరొకటి లేదు. మేత ఒకే చోట పోయకుండా పలుచోట్ల చల్లాలన్న నియమాన్ని కూడా మనం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం.

అందుకని జూ శాస్త్రం మనకు పనికొచ్చేది పార్కు కట్టడానికి కాదు, అదే పట్టికను తిరగేసి ఊరిని కోతికి కుదరకుండా చేయడానికి. ఇది చిల్లర పనుల జాబితాలా కనిపిస్తుంది గానీ, కోతి బతుకంతా ఆ చిల్లర మీదే నడుస్తుంది. 2019లో పల్లెప్రగతి మొదలైనప్పటి నుంచి పంచాయతీలు డంపింగ్ యార్డులు కట్టాయి. కావలసింది తడి చెత్తను అదే రోజు పూడ్చే లేదా మూసిన గుంతలో ఎరువు చేసే క్రమం. బడి మిగులుకు మూత ఉన్న డ్రమ్ము. ట్యాంకులకు తాళం పడే మూతలు. పాడుబడ్డ ఇళ్ల పైకప్పులు దించడమో మూసేయడమో. ఇళ్ల మీదికి వంతెనలవుతున్న కొమ్మలు కొట్టడం. పండ్లచెట్లు పెట్టదలిస్తే ఊరికీ చేలకూ బాగా దూరంగా, అడవి లోపల, అది కూడా జువ్వి, మర్రి, మేడి లాంటివి, ఒక్కో చెట్టు ఒక్కో నెలలో కాసేవి, చెదురుగా. చేల విషయంలో ఒంటరి రైతు గెలవలేడు. ఊళ్లో ఇద్దరే మక్క వేస్తే కోతులన్నీ ఆ రెండు చేలనే తింటాయి. యాభై ఎకరాలు ఒక్క చోట, ఒక్కసారి వేసి, వంతుల వారీగా కాపలా కాస్తే ఒక్కొక్కరి మీద పడే నష్టం పలచబడుతుంది. ఆ కాపలాకు ఉపాధి హామీ పనిదినాలు ఇవ్వమని అడగడం పార్కు అడగడం కన్నా గట్టి డిమాండు. కొండెంగ బొమ్మల ఫ్లెక్సీలు, టపాకాయ గొట్టాలు వారం పనిచేస్తాయి. వాటి మోసాన్ని కోతి త్వరలోనే పసిగడుతుంది, ఎందుకంటే ఆ చప్పుడు వెనక మనిషి రావడం లేదు.

ఇదంతా ఫలించేదాకా రైతుకు పదేళ్లు ఆగే ఓపిక ఎక్కడిది అంటారు. న్యాయమైన ప్రశ్న. కానీ పదేళ్లు పట్టేది పార్కుకే. భూమి, కంచె, అనుమతులు, పట్టివేత అయి చెట్లు కాపుకొచ్చేసరికి ఆ గడువు తీరుతుంది. చెత్తకు మూత రేపే పెట్టొచ్చు. ఇక సంతాన నియంత్రణ. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో మొదలైన కేంద్రాన్ని చాలామంది పార్కు అనుకుంటున్నారు. దాని అసలు పని కోతులకు ఆపరేషన్ చేసి తిరిగి వదలడం. ఆ పద్ధతిని దేశంలో ముందు చేపట్టిన హిమాచల్‌ప్రదేశ్ 2006-07 నుంచి లక్షన్నర దాకా కోతులకు ఆపరేషన్లు చేసింది. అక్కడి లెక్కల్లో 2004లో 3.17 లక్షలున్న కోతులు 2015లో 2.07 లక్షలకు, 2019లో 1.36 లక్షలకు తగ్గాయి. పన్నెండేళ్లు విడవకుండా చేస్తే వచ్చిన ఫలితమిది. అయినా అక్కడి యాపిల్ రైతు గోడు పూర్తిగా ఆగలేదు, ఎందుకంటే మిగిలిన కోతి కూడా తినే కోతే, దాని అలవాటు ఆపరేషన్‌తో పోదు. అందుకే ఈ రెండూ జంటగా నడవాలి. ఒక మండలం తీసుకుని, గుంపు గుంపుగా, ఆడవాటిలో మూడొంతులకు పైగా ఆపరేషన్ అయ్యేదాకా వదలకుండా చేసి, అదే గుంపును అదే చోట వదలాలి. పట్టిన చోటు ఖాళీ చేస్తే పక్క గుంపు వచ్చి నిండుతుంది. పిల్లలు కనని పాత గుంపు ఉంటే అది తన హద్దును తానే కాపలా కాస్తుంది. పార్కు ఈ కాపలాదారును తీసుకుపోయి కంచెలో పెడుతుంది.

భక్తి మాటకు వస్తే, కోతికి పండు పెట్టవద్దంటే హనుమంతుడికి అన్నం మాన్పించినట్టు బాధపడేవాళ్లున్నారు. వాళ్ల మనసును తక్కువ చేయనక్కర్లేదు. అయితే వాళ్లు చూస్తున్నది చేతిలోని పండును, ఆ పండు తర్వాతి దారిని చూడటం లేదు. రోడ్డు పక్క పండు మరిగిన తల్లి పిల్లను చంకన పెట్టుకుని బండ్లకు ఎదురెళుతుంది, చక్రం కింద పడుతుంది. పండు లేని రోజు సంచి లాగుతుంది, సంచి వదలని పిల్లవాడిని కరుస్తుంది. కరిచిన కోతి మీద ఊరు కక్ష కడుతుంది. శనిగపురం గుట్ట మీది సంచుల్లోకి పోయే దారి ఆ మొదటి పండు దగ్గరే మొదలవుతుంది. ఆ సేవ ఆగదంటే గుడి కమిటీ ఒక చోటు, ఒక వేళ నిర్ణయించి, అదీ ఊరికి దూరంగా, తగ్గించుకుంటూ పోవాలి. చంపేస్తే పోలేదా అనేవాళ్లకు జవాబు కూడా హిమాచల్‌లోనే ఉంది. 2016 నుంచి కేంద్రం అక్కడ కోతిని పంటకు చేటు చేసే జంతువుగా ప్రకటించినా, తుపాకీ ఎత్తడానికి రైతులకే చేయి రాలేదు. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక ఎర్ర కోతి రక్షిత జాబితాలో లేదు. పట్టడం సులువైంది. సులువైనకొద్దీ వ్యానుల్లో వేసి రాత్రిపూట పక్క జిల్లా అడవి రోడ్డులో దించి రావడం కూడా సులువైంది. జనగామ కోతి భూపాలపల్లి బాధ కావడం పరిష్కారం కాదు, బట్వాడా.

ఈ బట్వాడాలో నోరు లేని నష్టం ఇంకొకటి ఉంది. తెలంగాణ రెండు కోతి జాతులు కలిసే సరిహద్దు. నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు వెంట్రుకలుండి, తోక పొడుగ్గా వేలాడే దక్షిణాది కోతి ఈ దేశపు దక్షిణ భాగంలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఉత్తరాది ఎర్ర కోతి ఏళ్లుగా దక్షిణానికి జరుగుతూ దాని తావులను ఆక్రమిస్తోందని పరిశోధకులు నమోదు చేశారు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దక్షిణాది కోతిని ముప్పులో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. మనమేమో రెండూ ‘కోతులే’ కదా అని ఒకే బోనులో పట్టి ఒకే చోట వదులుతున్నాం. అందరం వదిలించుకోవాలని చూస్తున్న గుంపుల్లో, ప్రపంచానికి తగ్గిపోతున్న జాతి కూడా ఉండవచ్చని గ్రామసభలో ఎవరూ అనరు.

అలాగని జూలు కోతుల ఆరుబయళ్లు కట్టనే వద్దని కాదు. కట్టాలి, ఒకటి కట్టాలి, చిన్నది కట్టాలి, బాగా కట్టాలి. ఇంట్లో గొలుసుతో పెంచి మరిగించిన పిల్లలు, కరెంటు షాకుకు చేయి పోయినవి, తల్లి చచ్చిన కూనలు తిరిగి ఏ గుంపులోనూ కలవలేవు, వాటికి చోటు కావాలి. హనుమకొండ జూలో ఒక ముప్పై కోతులు మించని గుంపుకు అలాంటి చోటు ఊహించండి. రెండు తలుపుల ప్రవేశం, ఒకటి మూస్తే గానీ రెండోది తెరుచుకోనిది. మనుషుల జబ్బు అంటకుండా చూపరులకూ కోతులకూ మధ్య అద్దం. మధ్యలో నిజమైన మర్రి, దాని లేత ఊడలు తినేయకుండా మొదటేళ్లు తీగ చుట్టి. గడ్డిలో కలిపి చల్లిన గింజలు, వాటిని ఏరుకోవడానికి పూట పట్టాలి, ఎందుకంటే పని లేని కోతి తన తోటిదాన్నే పీక్కుతింటుంది. ఎండకు గుట్ట నీడ, వానకు రెండు వాకిళ్ల గుడిసె. అన్ని ఆడవాటికీ సంతాన నియంత్రణ. 1979లో సియాటిల్ జూ గొరిల్లాలకు ఇలా మొక్కల మధ్య చోటు ఇచ్చినప్పుడు, జంతువు ఒక్కోసారి కనిపించకుండా పోతుందని ఫిర్యాదులు వస్తాయేమోనని భయపడ్డారు. కనిపించకుండా పోయే హక్కు కూడా ఆవాసంలో భాగమేనని ఆ నమూనా ఒప్పించింది. అలాంటి చోటు ముందు నిలబడ్డ బడిపిల్లలకు రెండు జాతుల తేడా చెప్పవచ్చు, పండు పెడితే ఏమవుతుందో చూపించవచ్చు. ముప్పై కోతులకు ఇంత శ్రద్ధ, ఇంత ఖర్చు కావాలని తెలిసినవాడెవడూ పాతిక వేలకు పార్కు కట్టమని అడగడు.

కాబట్టి వచ్చే గ్రామసభలో కోతుల మాట వచ్చినప్పుడు తీర్మానం మార్చి రాయాలి. పార్కు ఎప్పుడు కడతారని అడిగే చోట ఊరి తడి చెత్త సాయంత్రానికల్లా ఎక్కడికి పోతోందని అడగాలి. ఎన్ని కోతులను పట్టారన్న చోట ఏ గుంపులో ఎన్ని ఆడవాటికి ఆపరేషన్ అయిందని అడగాలి. వ్యాను ఎక్కడికి పోయిందన్న చోట మక్క కాపలాకు ఎన్ని పనిదినాలు మంజూరయ్యాయని అడగాలి. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ప్రారంభోత్సవాలు ఉండవు, కత్తిరించడానికి రిబ్బను ఉండదు. డ్రమ్ము మూత మీద ఎవరి పేరూ చెక్కించలేం. ఇన్నాళ్లూ ఆ పని ఎవరికీ పట్టకపోవడానికి అదొక కారణమేమో.